పైవారి ఈశాన్యం

ముందే ఒక మనవి. నాకు అక్షరాలు వచ్చింది మా మనవరాలికి వచ్చిన తర్వాత. ఒత్తులూ దీర్ఘాలూ అక్కడక్కడా జారిపడి ఉంటాయి. చదివేవాళ్ళు దయతో ఎత్తి ఎక్కడివక్కడ పెట్టుకోవాలి. నా రాత నిదానం కూడా. పొయ్యి మీద కందిపప్పు పడేసి ఒక వాక్యం మొదలుపెడితే, చివర చుక్క పెట్టేసరికి పప్పు మెత్తగా ఉడికి ఉంటుంది. ఈ వ్యాసం కోసం మా ఇంట్లో చాలా పప్పు ఉడికింది. తొందరున్న పాఠకులు పేజీ తిప్పెయ్యవచ్చు. నేనేమీ అనుకోను.

ఇంకా ఉన్నవాళ్ళకు చెబుతున్నాను. ఇంటి కప్పు కారడం శాపం కాదు. వరం!

నవ్వకండి. కారని కప్పు కింద కూర్చుని ఎవరైనా నవ్వగలరు. కారే కప్పు కింద కొన్నాళ్ళు కాపురం చేసి చూడండి, ఆ లాభాలేమిటో తెలుస్తాయి.

మాది తెనాలి. చెంచుపేటలో ఒక అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు. మా ఆయన బాలస్వామిగారు రేపల్లెలో హైస్కూలు అటెండరుగా చేసి, రిటైరయ్యాక కొన్న ఫ్లాటు. ఆయన పోయాక సాయంత్రాలు చర్చి హాల్లో క్లాసుకు వెళ్ళి అక్షరాలు నేర్చుకున్నాను. నేను కూడబలుక్కుని మొట్టమొదట చదివింది నా గుమ్మం పక్కనున్న బోర్డు. పైన ఆయన పేరు, కింద ఇంకో పేరు. చదివితే అది నాదే! ఏళ్ళ తరబడి ఆ బోర్డు తుడిచాను గానీ, అందులో నేను కూడా ఉన్నానని నాకు తెలియదు. ఆ రోజు నుంచి ఈ ఇల్లు నా ఇల్లయింది.

సరే, వరం సంగతికి వద్దాం.

మా నెత్తిమీద, మూడో అంతస్తులో, పాండురంగారావుగారు ఉంటారు. సూపరింటెండెంటుగా రిటైరైన పెద్దమనిషి. భార్య మీనాక్షిగారు. చాలా మంచివాళ్ళు. మెట్ల మీద ఎదురైతే "బావున్నారా?" అని అడుగుతారు. జవాబు చెప్పే శ్రమ మనకు లేకుండా దాటి వెళ్ళిపోతారు. వాళ్ళ అమ్మాయి మేఘనకు సంబంధాలు ఒకటీ కుదరడం లేదని ఒక వాస్తు సిద్ధాంతిగారిని పిలిపించారు. ఆయన దిక్సూచి పట్టుకుని ఇల్లంతా తిరిగి, ఈశాన్యం గదిలో ఆగి, "నేల పల్లంగా లేదు, నీటి జాడ లేదు. ఇంక సంబంధాలు ఎలా కుదురుతాయండీ?" అన్నారట.

నిజమే కదా! ఈశాన్యం పల్లంగా ఉండాలి, అక్కడ నీరుండాలి. ఇది అందరూ ఒప్పుకునే మాటే. మా సంఘంలో కూడా ఇల్లు కట్టేటప్పుడు పాస్టరుగారితో ప్రార్థన చేయించి, పాస్టరుగారు వెళ్ళాక సిద్ధాంతిగారికి ఫోన్ చేసేవాళ్ళు లేకపోలేదు. నేల మీద ఇల్లు కట్టుకున్నవాడైతే ఈశాన్యంలో బోరు వేయించుకుంటాడు. మూడో అంతస్తులో ఉన్నవాడు ఏం చెయ్యాలి?

వాడూ తవ్వుకోవాలి!

తవ్వించారు. టైల్సు పగలగొట్టి, నేల చెక్కించి, పల్లం చేసి, అందులో తొట్టి కట్టించారు. నీళ్ళు నింపి తామరమొక్క వేశారు. ఎర్రచేపలు వదిలారు. బుడబుడమని నీళ్ళు చిమ్మడానికి చిన్న మోటారు కూడా పెట్టించారు. ఆ శుభదినాన నాకు స్టీలు గిన్నెలో పులిహోర పంపించారు. బాగుంది. ఇంగువ సరిగ్గా పడింది.

ఒక్క చిన్న విషయం అందరూ మరిచిపోయారు. మూడో అంతస్తులో భూమి ఉండదు. వాళ్ళు తవ్వించిన నేల నా పడకగది కప్పు!

పులిహోర గిన్నె కడిగి వెనక్కి ఇచ్చిన కొద్దిరోజులకే నా దిండు మీద మొదటి చుక్క పడింది.

ఇక లాభాలు మొదలు.

ఒంటరి ముసలిదాని గుమ్మం ఎవరు తొక్కుతారు చెప్పండి? కప్పు కారడం మొదలైంది, మా ఇల్లు కళకళలాడిపోయింది! ప్లంబరు వచ్చి పైకి చూసి, "ఇది తాపీ పనమ్మా" అని టీ తాగి వెళ్ళాడు. తాపీమేస్త్రీ వచ్చి పైకి చూసి, "ఇది ప్లంబింగు పనమ్మా" అని టీ తాగి వెళ్ళాడు. పెయింటరు సామ్యేలు మా సంఘం మనిషే. అతను మాత్రం దాపరికం లేకుండా చెప్పాడు. "పిన్నీ, తడి ఆపడం నాకు తెలవదు. కనపడకుండా చెయ్యమంటే చేస్తా." కిందింట్లో అద్దెకుండే మనోహర్ కూడా వచ్చాడు, బ్యాంకులో పని అతనికి. "మామ్మగారూ, మా వంటింటి గోడ చెమ్మ లాగుతోందండి. మీ బాత్రూము ఒకసారి చూపించుకుంటారా?" అన్నాడు. నెత్తిమీద నీళ్ళు కారుతుంటే కాళ్ళ కింద సంగతి ఎవరికి పడుతుంది? "చూద్దాంలే నాయనా" అని అతనికీ టీ ఇచ్చాను.

ఆరోగ్యం సంగతి చెప్పనా? డాక్టరు వ్యాయామం చెయ్యమ్మా, మోకాళ్ళు కదిలించమ్మా అని చెప్పీ చెప్పీ విసిగిపోయాడు. ఎవరు చేస్తారు? ఇప్పుడు పొద్దునా సాయంత్రం బాల్కనీ దాకా బకెట్టు మొయ్యక తప్పదు. మోకాళ్ళ నొప్పి నిజంగానే తగ్గింది!

చదువు పెరిగింది. మాకు క్లాసు చెప్పిన పాస్టరమ్మగారు అక్షరాలు నేర్పారు గానీ మ్యాపు చూడటం నేర్పలేదు. ఆ లోటు కప్పు తీర్చింది. మొదట ఒక చిన్న దీవి కనిపించింది. తర్వాత అది సింహళం అంత అయింది. ఆ తర్వాత అంచులు పసుపు తిరిగి, నా మంచం మీదుగా సాగి, ఫ్యాను దాటి, ఏ దేశంవాళ్ళూ ఇంకా చూడని ఒక ఖండమైంది. మంచం మీద పడుకునే ప్రపంచమంతా తిరిగాను.

దొంగల భయం పోయింది. ప్లైవుడ్డు బీరువా తలుపు తడికి ఉబ్బి బిగుసుకుపోయింది. నాకున్న ఒక్క పట్టుచీర లోపల భద్రంగా ఉంది. దొంగ వచ్చినా తియ్యలేడు. నేనూ తియ్యలేను. ఈస్టరుకు వాయిలు చీరలో వెళితే, ఎంత నిరాడంబరమైన మనిషో చూడండని పాస్టరుగారు అందరి ముందూ మెచ్చుకున్నారు.

గోడలకు తెల్లగా ఉప్పు పూసింది. వేలితో రాస్తే చేతికంటుతుంది. సముద్రం చూడటానికి జనం పనిగట్టుకుని వాడరేవు వెళుతున్నారే, నాకు ఆ ఉప్పు వాసన మంచం దగ్గరికే వస్తోంది!

అన్నిటికన్నా నన్ను కదిలించింది వ్యవసాయం. చిన్నప్పుడు జంపని చెరుకుతోటల్లో కూలికి వెళ్ళినదాన్ని. సొంతానికి గట్టు వెడల్పు నేల కూడా ఎన్నడూ లేదు. ఇప్పుడు? బీరువా వెనక పుట్టగొడుగులు పండుతున్నాయి! విత్తనం లేదు, ఎరువు లేదు, కూలీల గొడవ లేదు.

భక్తి కూడా పెరిగింది. ఇంతకుముందు భోజనానికి ముందు మాత్రమే ప్రార్థన చేసుకునేదాన్ని. ఇప్పుడు ఆ గదిలో స్విచ్చి వేసే ముందు కూడా చేసుకుంటున్నాను.

ఇన్ని లాభాలు ఒక్కదాన్నే అనుభవించడం అన్యాయం అనిపించింది. పాండురంగారావుగారికి కూడా కాస్త చెబుదామని మెట్లెక్కాను. ఆయన తొట్టి పక్కన కుర్చీ వేసుకుని చేపలకు మరమరాలు వేస్తున్నారు.

"మీ తొట్టి నీళ్ళు మా గదిలోకి కారుతున్నాయండి" అన్నాను.

"కారడం కాదమ్మా, చెమ్మ. స్లాబన్నాక ఆ మాత్రం చెమ్మ ఉంటుంది."

"బకెట్టు నిండుతోందండి."

"పెడితే నిండదా మరి? పెట్టడం మానెయ్యండి."

ఎంత సూటైన పరిష్కారం! నాకెందుకు తట్టలేదు?

"ఒకసారి కిందికొచ్చి చూస్తారా?"

"నా నడుము సంగతి మీకు తెలుసు కదమ్మా. మెట్లంటేనే భయం" అన్నారు. అప్పటికి ఆయన కూరగాయల మార్కెట్టు నుంచి వచ్చి గంట కూడా కాలేదు. సంచి ఇంకా గుమ్మంలోనే ఉంది.

లోపలి నుంచి మీనాక్షిగారు వచ్చారు. "ఎలీసమ్మగారూ, మీకు చెప్పకూడనిదేముంది. ఇది కట్టించిన నెల తిరక్కుండా మేఘనకు చీరాల సంబంధం కుదిరింది. ఇప్పుడు దీన్ని కదిలిస్తే ఎట్లా చెప్పండి? పైగా మూఢం వచ్చేసింది. మూఢంలో కట్టకూడదు, పడగొట్టకూడదు. వెళ్ళాక చూద్దాం."

మూఢం వెళ్ళింది. ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో ఎవరైనా పని మొదలుపెడతారా? శ్రావణం వచ్చింది. ఇంట్లో వ్రతాలు పెట్టుకుని సిమెంటు దుమ్ము ఎట్లా? భాద్రపదం శూన్యమాసం. ఆ తర్వాత వర్జ్యాలు, అమావాస్యలు, మీనాక్షిగారి పుట్టింట్లో పురుడు, చూస్తుండగానే మళ్ళీ మూఢం! నాకు కొత్తగా వచ్చిన చదువుతో క్యాలెండరు మొత్తం చదివాను. పెళ్ళిళ్ళకు నెలలున్నాయి, గృహప్రవేశాలకు నెలలున్నాయి, క్రాఫు చేయించుకోవడానికి కూడా వారాలున్నాయి. కిందివాళ్ళ కప్పు బాగుచేయించడానికి ఒక్క మంచిరోజు లేదు!

అసోసియేషన్ మీటింగులో పెట్టాను. సెల్లారులో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు, బిస్కెట్లు పంచారు. సెక్రటరీ కామేశ్వరరావుగారు గొంతు సవరించుకుని, "రెండో అంతస్తు అమ్మగారి సమస్య చాలా సున్నితమైనది" అన్నారు. అక్కడి నుంచి చర్చ స్కూటర్ల పార్కింగు మీదికి వెళ్ళింది. పార్కింగు నుంచి కుక్కల మీదికి, కుక్కల నుంచి ఈ మధ్య పెరిగిన ఎండల మీదికి వెళ్ళి, చివరికి నా కప్పు దగ్గరికి అలసిపోయి వచ్చింది. సమస్యను కుటుంబసభ్యుల్లా సర్దుకుపోవాలని తీర్మానించారు. నా తృప్తి కోసం అసోసియేషన్ తరఫున ఒక కోటింగు పెయింటు కూడా వేయిస్తామన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. బిస్కెట్లు తిన్నాను కదా!

సామ్యేలు వచ్చి పుట్టీ పెట్టి తెల్లగా రంగు వేశాడు. కొత్త ఖండం మాయమైంది. తెల్లవారి చూస్తే రంగంతా అప్పడంలా పొంగి ఉంది.

"చెప్పాగా పిన్నీ, తడి మీద రంగు నిలవదు" అన్నాడు.

"మరి ఎందుకేశావురా?"

"మీటింగులో ఎయ్యమన్నారు కదా!"

ఆ మరుసటి గురువారం స్త్రీల సమాజం కూడికకు వెళ్ళాను. తిరిగొచ్చి గది తలుపు తీస్తే నా దిండు మీద కప్పు పడుకుని ఉంది.

పెద్ద పెచ్చు. నా తల ఆనిన పల్లంలోనే సరిగ్గా పడింది. పైన ఇనప ఊచలు తుప్పు పట్టి ఎర్రగా కనబడుతున్నాయి. కాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను. ఆ పూట మాత్రం ఇందులో లాభమేంటో నాకు వెంటనే తట్టలేదు.

మా అమ్మాయి క్రిస్టినా బాపట్లలో టీచరు. సంగతి తెలిసి మొదటి రైలుకే వచ్చేసింది. కప్పు చూసింది, దిండు చూసింది, నన్ను చూసింది.

"అమ్మా, నువ్వు ఇంట్లో ఉండుంటే?"

"లేను కదే."

"ఈ మాటలు నా దగ్గర కాదు. నెలాఖరుకు ఆటో తీసుకొస్తా. సామాను సర్దుకుని ఉండు. బాపట్ల వచ్చెయ్. ఇది ఎవరికన్నా అద్దెకిచ్చేద్దాం."

"ఇట్లాంటి కప్పు కింద ఎవరుంటారే?"

"నువ్వుంటున్నావుగా!"

కూతురు మంచిది, అల్లుడు కూడా మంచివాడే. నాకోసం గది ఖాళీ చేసి పెట్టారు. పక్కనే చర్చి, వీధి చివర ఆసుపత్రి. వెళ్ళను అనడానికి నాకు పైకి చెప్పుకోగలిగిన కారణం ఒక్కటీ లేదు. ఇక్కడైతే ఎవరైనా బెల్లు కొడితే నేనే వెళ్ళి తలుపు తీస్తాను. అక్కడ ఎవరు వచ్చినా నాకోసం రారు. ఈ తేడా ఎవరికైనా ఎట్లా చెప్పాలి?

"బోర్డు కూడా పట్టుకెళదాంలే అమ్మా" అంది క్రిస్టినా, నేను గుమ్మం వైపు చూడటం గమనించి.

"తీసుకెళ్ళి ఎక్కడ కొట్టుకోను? మంచానికా?"

అది నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది.

క్రిస్టినా వెళ్ళాక హాల్లో మంచం వేసుకుని, అట్టపెట్టెలు తెప్పించి, గిన్నెలు ఒక్కొక్కటే కాగితాల్లో చుట్టడం మొదలుపెట్టాను. ఇంకో గురువారం వచ్చింది. కూడికలో పాస్టరమ్మగారు, "పోయినవాటి గురించి ఎంతసేపని చెప్పుకుంటామమ్మా? దేవుడిచ్చినవి నలుగురికీ చెప్పండి" అన్నారు. మంచి మాట. పెద్దవాళ్ళు చెబితే వినాలి కదా!

మర్నాడు ఎదురింటి భువనేశ్వరి కరివేపాకు కోసం వచ్చింది. మా బాల్కనీలో కుండీ ఉంది లెండి.

"ఏంటి పిన్నిగారూ, మోకాళ్ళ మీద కూర్చుని సర్దుతున్నారు! నొప్పులు తగ్గినయ్యా?"

"దేవుడి దయవల్ల తగ్గినయ్యమ్మా."

"మీ మనవరాలు శ్రావ్యకి నర్సింగులో సీటొచ్చిందంట కదా!"

"వచ్చిందమ్మా."

"మీరు రాసిన ఉత్తరం పేపర్లో పడిందని మా ఆయన చెప్పారు."

"పడిందమ్మా. నా పేరుతో సహా వేశారు."

"అబ్బో, ఈ ఏడాది మీకు అన్నీ కలిసొచ్చినయ్యే! ఈ చెట్టు కూడా చూడండి, ఎంత ఏపుగా ఉందో. మా ఇంట్లో పుల్లలు మిగిలినయ్. దీనికేం వేస్తున్నారు పిన్నిగారూ?"

"ఏమీ వెయ్యట్లేదమ్మా. పైనుంచి కారే ఈశాన్యం నీళ్ళే పోస్తున్నా."

భువనేశ్వరి చేతిలో రెమ్మ చేతిలోనే ఆగింది. "ఈశాన్యం నీళ్ళా?"

"అవునమ్మా. పాండురంగారావుగారు కట్టించారే తొట్టి, అందులో నీళ్ళు. అప్పటి నుంచీ రోజూ బకెట్టు నిండా మాకే వస్తున్నయ్. మాకు వాస్తు పట్టింపు లేదు గానీ, వచ్చినవాటిని వద్దనడం దేనికి?"

నేను ఒక్క అబద్ధం ఆడలేదు. మీరే పైన చూసుకోండి. నాకు అందినవి నలుగురికీ చెప్పమన్నారు, ముందుగా ఒకరికి చెప్పాను. భువనేశ్వరి అయితే మిగతా ముగ్గురికి నేను చెప్పక్కర్లేదు.

ఆమె పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానంటూ లేచింది. పాలు ఎదురింట్లో ఉన్నాయి. చెప్పుల చప్పుడు మాత్రం పైమెట్ల మీద వినిపించింది.

టీ పెట్టుకున్నాను. అది మరగలేదు, బెల్లు మోగింది. తలుపు తీస్తే పాండురంగారావుగారు! మెట్లంటే భయపడే మనిషి, చెప్పులు కూడా లేకుండా నిలబడ్డారు.

"ఏదమ్మా, ఆ గది ఒకసారి చూపించండి."

చూపించాను. రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని పైకి చూశారు. ఆయన తొట్టి నీటిచుక్క ఒకటి, ఆయన కళ్ళముందే ఊచ చివర నుంచి జారి, నా బకెట్టులో పడింది. మొహం వాడిపోయింది.

"ఇంత కారుతోందా?"

"కారడం కాదండి, చెమ్మ" అన్నాను.

"చెమ్మేంటమ్మా! ఇది చెమ్మా? ధార! ఎన్నాళ్ళ నుంచి ఇట్లా పోతోంది?"

"మీరు కట్టించినప్పటి నుంచేనండి."

"మీ మనవరాలికి సీటు?"

"ఆ తర్వాతేనండి."

ఆయన బాల్కనీలోకి వెళ్ళి కరివేపాకు చెట్టును చూశారు. తన ఇంట్లో పోయిన వెండి చెంబు ఎదురింటి అలమరలో కనిపిస్తే మనిషి ఎట్లా చూస్తాడో అట్లా చూశారు. చీరాలవాళ్ళు ముహూర్తం వాయిదా వేశారని భువనేశ్వరి నాకు అంతకుముందే చెప్పింది. ఆ లెక్క ఆయన మనసులో ఇప్పుడు కుదురుతోంది కాబోలు.

"రేపే పని మొదలుపెట్టిస్తా" అన్నారు.

"రేపెట్లాగండీ? మూఢం కదా! వెళ్ళాక చూద్దాం."

"మూఢం లేదు, గీఢం లేదు! ఇక్కడ ఇల్లు మునిగిపోతుంటే మూఢమేంటమ్మా!"

ఎవరిల్లండీ అని అడగబోయి, నాలుక కరుచుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీలు దిగారు. ఇదివరకు ఇది తన పని కాదన్న తాపీమేస్త్రీనే! తొట్టి పగలగొట్టి, పల్లం పూడ్చి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, పైన టైల్సు వేయించారు. చేపలను బంధువుల ఇంటికి పంపారు. సిద్ధాంతిగారు ఫోన్లో సలహా ఇచ్చారట, ఇత్తడి గంగాళంలో నీళ్ళు పోసి మూలన పెట్టినా ఫలితం అంతేనని. ఈ మాట మొదటే చెప్పి ఉంటే? మొదటే చెప్పి ఉంటే నేనీ వరాలన్నీ ఎట్లా అందుకునేదాన్ని!

పైపని అయ్యాక నా గదికి దిగారు. పాత ప్లాస్టరింగు మొత్తం గీకించారు, కప్పులో తన అదృష్టపు తడి కూడా మిగలకూడదన్నంత శ్రద్ధగా. ఊచలు రుద్దించి, కొత్తగా పూయించారు. రాలిన పెచ్చులను మామూలుగా అయితే చెత్తబండిలో వేస్తారు కదా. ఆయన వాటిని గోనెసంచుల్లో కట్టించి, మేడమీదికి మోయించుకుపోయారు! ఇంక చెట్టును కూడా అడుగుతారేమోనని నాకు భయం వేసి, నేనే నాలుగు రెమ్మలు కోసి మీనాక్షిగారి చేతిలో పెట్టాను. ఆవిడ కళ్ళకద్దుకుని తీసుకెళ్ళారు.

నెలాఖరుకు క్రిస్టినా ఆటో మాట్లాడుకుని మరీ వచ్చింది. గదిలోకి వెళ్ళి పైకి చూసింది.

"ఎట్లా చేయించావమ్మా? పోట్లాడావా?"

"పోట్లాట దేనికే? మనకు ఎంత బాగుందో చెప్పానంతే."

సంగతంతా విని, పొట్ట పట్టుకుని నవ్వుతూ, నేను చుట్టిన గిన్నెలన్నీ అదే కూర్చుని విప్పింది. ఆటో అబ్బాయి ఖాళీగా వెళ్ళాడు. అమ్మాయి ఒక కవరు కరివేపాకుతో రైలెక్కింది.

ఆపైన జరిగిన అసోసియేషన్ మీటింగులో పాండురంగారావుగారికి శాలువా కప్పారు. "పక్కవారి కష్టాన్ని తన కష్టంగా భావించిన మహామనిషి!" అన్నారు కామేశ్వరరావుగారు. అందరికన్నా గట్టిగా నేనే చప్పట్లు కొట్టాను. ఎందుకంటే అందులో అతిశయోక్తి ఏమీ లేదు. కప్పు నాది అయినన్నాళ్ళూ కష్టం కూడా నాదే. నా దిండు మీద పెచ్చు పడ్డ రోజున కూడా అది చెమ్మే. కారేది తన అదృష్టం అని తెలిశాకే అది ధార అయింది, పంచాంగంలో మంచిరోజు దొరికింది, నడుము నొప్పి తగ్గింది, మెట్లు దిగగలిగారు. కాబట్టి మీ కప్పు కారుతుంటే పైవాళ్ళ దగ్గరికి వెళ్ళి మీ నష్టాలు ఏకరువు పెట్టకండి. ఎవరికి ఓపిక ఉంటుంది? మీకెంత లాభంగా ఉందో చెప్పండి!

బిస్కెట్లు పంచేటప్పుడు పాండురంగారావుగారు నా కుర్చీ దగ్గరికి వంగి, మెల్లగా అడిగారు.

"ఇప్పుడెట్లా ఉందమ్మా మీకు?"

"ఏం చెప్పమంటారండీ, బకెట్టు మొయ్యడం మానేశాక మోకాళ్ళు మళ్ళీ పట్టేశాయి."

ఎన్నాళ్ళుగానో చూస్తున్నాను, ఆ మనిషి మొహంలో అంత వెలుగు ఎప్పుడూ చూడలేదు. ఆ పూట మొదటిసారి, జవాబు వినేదాకా నిలబడ్డారు కూడా.

చివరి వరసలో కూర్చున్న కిందింటి మనోహర్ ఇదంతా విని, బిస్కెట్టు గొంతుకు అడ్డం పడేంతగా నవ్వాడు. కుర్రవాళ్ళు దేనికైనా నవ్వుతారు, నేను పట్టించుకోలేదు.

నిన్న పొద్దున బెల్లు మోగింది. తీస్తే అతనే. టక్ చేసుకుని, బ్యాంకుకు వెళ్ళే హడావుడిలో ఉన్నాడు.

"రా నాయనా, టీ తాగుదువు గానీ."

"వద్దండీ, టైమైపోతోంది. ఊరికే చెప్పి పోదామని వచ్చా మామ్మగారూ. ఈ మధ్య మాకు భలే కలిసొస్తోందండి! నాకు ప్రమోషనొచ్చింది. మా ఆవిడ నెల తప్పింది. అంతా మీ బాత్రూము నీళ్ళ చలవేనండి!"

చేతులు జోడించి నమస్కారం పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ ఈల కూడా వేశాడు.

మాకు వాస్తు పట్టింపు లేదని ముందే చెప్పాను. అదృష్టం పైపుల్లో పారుతుందని నేను నమ్మను. అయినా తలుపు వేసి, నేరుగా ఫోన్ దగ్గరికి వెళ్ళి ప్లంబరును పిలిచాను. ఈ చివరి మాటలు రాస్తుంటే బాత్రూములో టైల్సు పగలగొడుతున్నారు. చప్పుడికి చెవులు పోతున్నాయి. పప్పు కూడా మాడినట్టుంది, లేస్తాను.

ఎలీసమ్మ, డెబ్బై ఒక్క ఏళ్ళు. ప్రస్తుతం తెనాలిలోనే, రెండో అంతస్తులో, బోర్డు ఉన్న గుమ్మంలో. మంచం మళ్ళీ ఈశాన్యం గదిలోకి మార్చాను.